రాని టీకా గురించి సభ ఎందుకు పెట్టాలి?

(హెచ్‌ఐవీ టీకా పరిశోధనపై అవగాహన సభలు నిర్వహించే స్వచ్ఛంద కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? చెయ్యెత్తండి. సరే. ముందు రెండు వరుసలూ ఖాళీగా ఉన్నాయి, ఇలా వచ్చేయండి. నేనేం లేపి ప్రశ్నలు అడగను.

మీరంతా ఇక సభలు పెట్టబోతున్నారు. హెచ్‌ఐవీ టీకా పరిశోధన గురించి జనానికి చెప్పబోతున్నారు. అయితే ఒక మాట. టీకా వచ్చిందా? రాలేదు. వచ్చే ఏడాది వస్తుందా? రాదు. ఆ పై ఏడాది? ఎవరూ చెప్పలేరు. మరి లేని టీకా గురించి కుర్చీలు వేసి, మైకు పెట్టి, పని మానుకుని రమ్మని జనాన్ని పిలిచి, ఏం చెబుతారండీ? ఇది మీరు వేసుకోవాల్సిన ప్రశ్న. మీరు వేసుకోకపోతే సభలో ఎవరో ఒకరు లేచి వేస్తారు. అప్పుడు నీళ్లు నమలడం కంటే ఇప్పుడే తేల్చుకుందాం.

చాలామంది దీనికి చెప్పే జవాబు, "ఆశ కలిగించడానికి" అని. నాకు ఆ జవాబు నచ్చదు. ఈ టీకా విషయంలో ఆశలు కలిగించిన చరిత్ర చాలా ఉంది. 1984 ఏప్రిల్‌లో అమెరికా ఆరోగ్య మంత్రి మార్గరెట్ హెక్లర్ విలేకరుల ముందు నిలబడి, మరో రెండేళ్లలో టీకా పరీక్షలకు సిద్ధమవుతుందని ఆశిస్తున్నామన్నారు. రెండేళ్లు! 1997 మే 18న అధ్యక్షుడు క్లింటన్ ఒక విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో మాట్లాడుతూ పదేళ్ల గడువు పెట్టారు. ఆ ప్రసంగం గుర్తుగానే మరుసటి ఏడాది నుంచి మే 18ని హెచ్‌ఐవీ వ్యాక్సిన్ అవగాహన దినంగా జరుపుకుంటున్నాం. ఆ పదేళ్లు 2007తో అయిపోయాయి. ఆ 2007లోనే ఏం జరిగిందో కాసేపట్లో చెబుతాను, అది మీ సభలకు చాలా అవసరమైన కథ.

కాబట్టి మన పని ఆశలు పంచడం కాదు. లెక్క చెప్పడం. ఇన్నేళ్లలో ఏం చేశారు, ఎక్కడ దెబ్బతిన్నారు, ఇప్పుడు ఏం చేస్తున్నారు, అందులో మామూలు మనుషుల పాత్ర ఏమిటి. ఈ లెక్క ఎందుకు చెప్పాలంటే, రేపు టీకాను మనుషుల మీద పరీక్షించే ట్రయల్ వచ్చినప్పుడు చెయ్యి చాపి సూది పొడిపించుకోవాల్సింది మనుషులే. వేలమంది, ఏ జబ్బూ లేనివాళ్లు, తమకేమీ లాభం ఉంటుందన్న హామీ లేకుండా. వాళ్లకి ఆ రోజు వచ్చి చెబితే కుదరదు. ముందే తెలిసి ఉండాలి.

ముందు సభలో మొదటి అయిదు నిమిషాల సంగతి. మొదటి అయిదు నిమిషాల్లోనే ఒక మాట తేల్చేయండి. ఈ టీకా హెచ్‌ఐవీ లేనివాళ్లకి అది రాకుండా ఆపడానికి. ఇప్పటికే ఉన్నవాళ్లకి నయం చేసేది కాదు. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఏ సభ అయినా చూడండి, అయిపోయాక కుర్చీలు మడతేస్తుంటే ఒకరు ఆగిపోతారు. గుంపు పలచబడేదాకా ఆగి, దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడుగుతారు: "ఈ టీకా వేసుకుంటే రోజూ మింగే మందులు మానేయొచ్చా అండీ?" ఆ మనిషి గంటన్నర సేపు ఆ ఒక్క ఆశతో కూర్చున్నాడన్నమాట. మొదట్లోనే చెప్పి ఉంటే ఆయన్ని అలా కూర్చోబెట్టేవాళ్లం కాదు కదా? అలాంటివాళ్లకి చెప్పాల్సిన మంచి మాట వేరే ఉంది. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు చిక్కనంత తగ్గి, అలాగే నిలిస్తే, వాళ్ల నుంచి లైంగికంగా భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు. ఇది రుజువైన విషయం. ఈ మాట సభలో అందరి ముందూ చెప్పండి, చెవిలో చెప్పాల్సిన రహస్యం కాదు.

ఇంకో సంగతి, ఇది పెద్దగా సాగదీయను. హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లను వేదికెక్కించి "వీరే" అని చూపించకండి. తమంతట తాము మాట్లాడతామంటే మైకు ఇవ్వండి. అంతే.

సరే, ఇప్పుడు ఆ ప్రశ్న వస్తుంది. "కరోనాకి ఏడాదిలో టీకా తెచ్చారు, దీనికి 40 ఏళ్లు దాటినా ఎందుకు రాలేదు? కంపెనీలు తొక్కిపెట్టాయా?" వస్తుందా, రాదా? తప్పకుండా వస్తుంది. కోపం తెచ్చుకోకండి, చాలా న్యాయమైన ప్రశ్న. జవాబు ఇలా చెప్పండి. కరోనా వచ్చిన వాళ్లలో ఎక్కువమంది టీకా లేకుండానే కోలుకున్నారు. అంటే మన ఒంటికి ఆ వైరస్‌ను వదిలించుకోవడం తెలుసు, టీకా దాన్ని ముందే నేర్పితే చాలు. హెచ్‌ఐవీ అలా కాదు. సోకాక ఒళ్లు తనంతట తాను దాన్ని పూర్తిగా తరిమేసిన సందర్భాలు లెక్కపెట్టదగినంత అరుదు. పైగా అది దాడి చేసేదే మనల్ని కాపాడాల్సిన కణాల మీద. సోకిన కొద్ది రోజుల్లోనే తన జన్యు పదార్థాన్ని మన కణాల డీఎన్‌ఏలో కలిపేసుకుని దాక్కుంటుంది. ఇక ఆపైన దాని వేషాలు. తనను తాను నకలు తీసుకునేటప్పుడు విపరీతంగా తప్పులు చేస్తుంది, ఆ తప్పులే దానికి కలిసొస్తాయి. ఒక్క మనిషి ఒంట్లోనే రకరకాల రూపాలుంటాయి. పైన చక్కెర అణువుల కవచం. వైరస్‌ను అడ్డుకోవడానికి మన ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలకి పట్టుకోవడానికి చోటు దొరకదు. మన ఒళ్లే నేర్వని విద్యను టీకా నేర్పాలి. ఇదీ కష్టం.

ఇప్పుడు 2007 కథ. ఇది చెప్పడానికి కార్యకర్తలు భయపడతారు. భయపడకూడదు, అందుకే ఎక్కువసేపు చెబుతాను.

స్టెప్ అని ఒక ట్రయల్ జరిగింది. జలుబు తెప్పించే ఒక వైరస్‌ను బలహీనపరిచి, అందులో హెచ్‌ఐవీ ముక్కలు కొన్ని పెట్టి టీకా చేశారు. 3,000 మంది దాకా వాలంటీర్లు. 2007 సెప్టెంబరులో దాన్ని మధ్యలోనే ఆపేశారు, టీకా పనిచేయడం లేదని. అక్కడితో అయిపోలేదు. లెక్కలు ఇంకా తరచి చూస్తే, టీకా వేసుకున్న మగవాళ్లలో కొందరికి, అంటే సున్తీ లేనివాళ్లకి, ఆ జలుబు వైరస్ ఇదివరకే సోకి ఒంట్లో దాని యాంటీబాడీలు ఉన్నవాళ్లకి, పోలిక కోసం టీకా లేని ఉత్త ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల కంటే హెచ్‌ఐవీ ఎక్కువగా సోకింది. వినండి, జాగ్రత్తగా వినండి. టీకాలో హెచ్‌ఐవీ వైరస్ లేదు. టీకా వల్ల హెచ్‌ఐవీ సోకలేదు, సోకదు కూడా. వాళ్లకి బయట, మామూలుగా సోకే దారుల్లోనే సోకింది. కానీ టీకా వాళ్లలో కొందరిని మరింత తేలిగ్గా దొరికిపోయేలా చేసిందన్న అనుమానం బలంగా మిగిలింది.

ఇప్పుడు చెప్పండి, ఈ సంగతి సభలో చెప్పాలా, దాచాలా? "ఇలాంటివి చెబితే ఇక ఎవరొస్తారండీ ట్రయల్‌కి?" అంటారు. నేనంటాను, మీరు చెప్పకపోతే ఎవరో ఫోన్లో పంపిస్తారు, సగం నిజం సగం అబద్ధం కలిపి, "టీకా వేస్తే ఎయిడ్స్ వచ్చింది" అని. అప్పుడు మీరు జవాబు చెప్పడానికి లేచినా ఎవరూ వినరు. ముందు మీరే చెప్పారనుకోండి, ఆ వచ్చిన మెసేజీ పట్టుకుని మీ దగ్గరికే వస్తారు. ఇంకొకటి కూడా చెప్పండి. టీకా పనిచేయడం లేదని బయటపడింది ఎలా? ట్రయల్‌తో సంబంధం లేని స్వతంత్ర కమిటీ మధ్యమధ్య లెక్కలు విప్పి చూస్తుంది కాబట్టి. ఆపేశాక వాలంటీర్లకి ఎవరికి టీకా పడింది, ఎవరికి ఉత్త ఇంజెక్షన్ పడిందీ చెప్పేశారు. అంటే కాపలా ఉంది. ఆ కాపలా ఉందన్న సంగతి మన జనంలో ఎంతమందికి తెలుసు?

ఓటములు ఇంకా ఉన్నాయి, గబగబా చెప్పేస్తాను. 2003లో ఎయిడ్స్‌వ్యాక్స్ అనే టీకా పనిచేయలేదని తేలింది. దక్షిణాఫ్రికాలో 5,400 మందితో చేసిన ఉహాంబో ట్రయల్ 2020 ఫిబ్రవరిలో ఆగిపోయింది. టీకా వేసుకున్నవాళ్లలో 129 మందికి, వేసుకోనివాళ్లలో 123 మందికి సోకింది. తేడా లేదన్నమాట. ఆఫ్రికాలో 2,600 మంది యువతులతో చేసిన ఇంబొకోడో 2021లో, అమెరికా ఖండాల్లో, యూరప్‌లో 3,900 మందితో చేసిన మొజాయికో 2023 జనవరిలో అలాగే ముగిశాయి. మన దేశంలో 2005లో పుణేలో, తర్వాత చెన్నైలో కొద్దిమందితో తొలిదశ పరీక్షలు జరిగాయి, అవి పెద్ద ట్రయల్ దాకా వెళ్లలేదు.

వీటన్నిటి మధ్య ఒకే ఒక్కటి కాస్త తలెత్తింది. థాయ్‌లాండ్‌లో 16,402 మందితో చేసినది, 2009లో ఫలితాలు వచ్చాయి. టీకా వేసుకున్నవాళ్లలో 51 మందికి, మిగతావాళ్లలో 74 మందికి సోకింది. 31 శాతం రక్షణ. వాడకానికి సరిపోదు. కానీ 16 వేల మందిలో తేడా అంతా ఈ 51కీ 74కీ మధ్యే ఉంది చూశారా? అందుకే వేలమంది కావాలి. "ఇంతమంది ఎందుకండీ, ఒక వందమందికి వేసి చూడొచ్చుగా" అని అడుగుతారే, వాళ్లకి ఈ రెండు అంకెలు చూపించండి. వందమందితో ఈ తేడా కనబడేదే కాదు.

ఇక ఇప్పుడు జరుగుతున్నది. ఎన్నో రకాల హెచ్‌ఐవీని ఒకేసారి అడ్డుకోగల యాంటీబాడీలు కొందరు రోగుల్లో, సోకిన కొన్నేళ్లకు, తయారవుతాయని కనిపెట్టారు. వాళ్లకి అప్పటికే ఆలస్యమైపోతుంది. మరి వాటిని ముందే తయారు చేయించగలమా? ఒకే టీకాతో కాదు, వరసగా కొన్ని టీకాలతో. పిల్లవాడికి మొదట ఓనమాలు దిద్దించి, ఆపైన గుణింతం, ఆపైన వత్తులు నేర్పినట్టు, మొదటి టీకా యాంటీబాడీలు తయారుచేసే సరైన బి కణాలను లేపుతుంది, తర్వాతివి వాటిని మెరుగు దిద్దుతాయి. ఆ మొదటి మెట్టు ఎక్కామా? ఎక్కాం. 2022లో ప్రచురించిన ఒక చిన్న పరీక్షలో టీకా వేసుకున్న 36 మందిలో 35 మందికి ఆ కణాలు మేలుకొన్నాయి. తర్వాత కొన్ని కరోనా టీకాల్లో వాడిన ఎంఆర్‌ఎన్‌ఏ పద్ధతిలోనూ చేసి చూశారు, అక్కడా మేలుకొన్నాయి. కాకపోతే కొందరు వాలంటీర్లకి ఒంటిమీద దద్దుర్లు వచ్చాయి, కొందరిని అవి చాలాకాలం వదల్లేదు. దద్దుర్ల సంగతి కూడా చెప్పండి. 35 మంది సంగతి చెప్పి దద్దుర్లు మింగేయకండి.

మరి ఇప్పుడు ఆరు నెలలకోసారి తీసుకునే ఇంజెక్షన్ వచ్చింది కదా, లెనకాపవిర్ అని. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో అది తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదని 2024లో తేలింది. ఒక్కరికీ! 2025లో అమెరికాలో అనుమతి కూడా వచ్చింది. "అదే టీకా కదా?" అంటారు. కాదు. అది మందు. ఒంట్లో ఉన్నంతకాలం కాపాడుతుంది, సూది మానేస్తే రక్షణ పోతుంది. టీకా అయితే ఒంటికే నేర్పుతుంది. ప్రపంచంలో ఏటా దాదాపు 13 లక్షల మందికి కొత్తగా సోకుతూనే ఉంది. ఆరు నెలలకోసారి అందరికీ, ఏళ్ల తరబడి, తప్పకుండా ఇంజెక్షన్ అందించగలమా? అందిస్తే మంచిదే, నాకేం అభ్యంతరం లేదు. కానీ టీకా అక్కర్లేదన్న రోజు ఇంకా రాలేదు. పైగా ఇలాంటి మందు వచ్చాక టీకా ట్రయల్ చేయడం మరీ కష్టమైంది. వాలంటీర్లకు రక్షణ ఉన్న మందు చూపించకుండా ఉత్త ఇంజెక్షన్ ఇవ్వడం ధర్మమా? కాదు. ఆ మందు ఇచ్చారంటే వాళ్లకి సోకడం తగ్గుతుంది, అది మంచిదే, కానీ అప్పుడు టీకా పనిచేసిందో లేదో తేలాలంటే ఇంకా ఎంతమంది కావాలి? దీని మీద శాస్త్రవేత్తలే తర్జనభర్జన పడుతున్నారు. మీ సభలో ఈ ప్రశ్నను జనం ముందు పెట్టండి. బాగా ఆలోచిస్తారు.

ఇప్పుడు సభ ఎలా నడపాలో. ర్యాలీలు, బ్యానర్లు నేను వద్దనను. మే 18న ఎర్ర రిబ్బన్‌ను తలకిందులుగా పెట్టుకుంటారు, వ్యాక్సిన్‌లోని 'వీ' అక్షరంలా కనబడేట్టు. ఎవరైనా "అదేంటి, రిబ్బన్ తిరగబడింది?" అని అడుగుతారు, మాట మొదలవుతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ ర్యాలీలో ఎవరూ ఏమీ అడగలేరు. పాతికమంది గుండ్రంగా కూర్చున్న చోట అడుగుతారు. నన్నడిగితే వెయ్యిమంది ర్యాలీ కంటే ఆ పాతికమందే ముద్దు.

రెండు చిన్న పనులు చేసి చూపిస్తాను. ఇదిగో, రెండు చిన్న సీసాలు. రెండింట్లోనూ మంచినీళ్లే. మీద పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి. ఇలా పట్టుకుని ఒక్కొక్కరి చేతికీ ఇవ్వండి. "ఇందులో టీకా ఏదో చెప్పండి." వెలుతురుకి ఎత్తి చూస్తారు, కదిపి చూస్తారు, మూత దగ్గర వాసన చూసేవాళ్లూ ఉంటారు. ఎవరూ చెప్పలేరు. అప్పుడు చెప్పండి, ట్రయల్‌లో సూది వేసే నర్సుకి కూడా తెలియదని. మీకు సగం అవకాశం టీకా, సగం అవకాశం ఉత్త ఇంజెక్షన్. కాబట్టి ట్రయల్లో చేరాను, నాకేం కాదు అనుకోవడానికి వీల్లేదు. కండోమ్ మానకూడదు. ఇది ఉపన్యాసంలో చెబితే మర్చిపోతారు, సీసా చేత్తో పట్టుకున్నవాళ్లు మర్చిపోరు.

రెండోది, ఇది చాలామంది చెప్పరు. ఇదిగో, పరీక్ష కార్డు. ఇక్కడ ఒక గీత వస్తే నెగెటివ్. రెండు గీతలొస్తే? ఇంకా పరీక్షించాలి, కదా. ఈ కార్డు వెతికేది వైరస్‌ను కాదు, యాంటీబాడీలను. టీకా పనే యాంటీబాడీలు పుట్టించడం. అంటే ట్రయల్‌లో టీకా వేసుకున్న మనిషికి హెచ్‌ఐవీ లేకపోయినా ఈ కార్డు మీద రెండో గీత పడొచ్చు. ఏళ్ల తరబడి పడొచ్చు. రేపు ఉద్యోగానికో, బీమాకో, పురిటికో వెళితే అక్కడ రక్తం తీసి, "పాజిటివ్" అనేస్తే? కాపురాలు కూలిపోతాయండీ. వైరస్‌నే నేరుగా వెతికే పరీక్ష వేరే ఉంది, అది చేస్తే నిజం తేలుతుంది. అందుకని ట్రయల్ వాళ్లను ముందే అడగాలి: ఆ పరీక్ష మీరు చేయిస్తారా? ఎన్నేళ్లు? నాకు కాగితం ఇస్తారా? మీ ఆఫీసు మూసేశాక ఎవరినడగాలి? ఈ నాలుగు ప్రశ్నలు రాసుకుని ఇంటికి వెళ్లేట్టు చేస్తే మీ సభ సగం గెలిచినట్టే.

ఇలా అడగడం మర్యాద కాదనుకోకండి. 2004లో కంబోడియాలో సెక్స్ వర్కర్లతో హెచ్‌ఐవీ నివారణ మాత్ర మీద ఒక ట్రయల్ తలపెట్టారు. ఆ ఆడవాళ్లు సంఘంగా ఏర్పడి అడిగారు: ఈ మందు వల్ల రేపెప్పుడో మాకేమైనా అయితే వైద్యం ఎవరిస్తారు? సరైన జవాబు రాలేదు. ట్రయల్ మొదలుకాకముందే ప్రభుత్వం ఆపేసింది. మరుసటి ఏడాది కామెరూన్‌లోనూ అలాంటిదే ఆగింది. ఆ మాత్ర చెడ్డదా? కాదు, తర్వాత అలాంటి మాత్రలే లక్షలమందిని కాపాడుతున్నాయి. ముందుగా జనంతో కూర్చోకపోవడం వల్ల అంత నష్టం. ఆ దెబ్బతోనే 2007లో ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం యూఎన్‌ ఎయిడ్స్, హెచ్‌ఐవీ నివారణ కోసం పనిచేసే ఏవాక్ అనే సంస్థ కలిసి ట్రయళ్లలో స్థానిక ప్రజలను ఎలా భాగస్వాములను చేయాలో మార్గదర్శకాలు రాశాయి, 2011లో సవరించాయి. ఇప్పుడు పెద్ద ట్రయళ్లకు సాధారణంగా జనం నుంచి సలహా మండలి ఉంటుంది. చేరేవాళ్లు సంతకం పెట్టాల్సిన సమ్మతి పత్రం, అదే కన్సెంట్ ఫారం, వాళ్లు ముందే చదివి, ఇది మాకర్థం కాలేదు, మార్చండి అంటారు. మీ సభల నుంచే అలాంటి మనుషులు తయారవ్వాలి.

అందుకే మరో కట్టుబాటు పెట్టుకోండి. అవగాహన సభలో ట్రయల్‌కి పేర్లు రాయించుకోవద్దు. ఆ బల్ల కూడా అక్కడ వేయొద్దు. సభకు వచ్చినవాళ్లు, "ఓహో, ఇందుకా పిలిచారు" అనుకున్నారంటే మీరు అప్పటిదాకా చెప్పిన నిజాలన్నీ వాళ్ల కంటికి ఎరలైపోతాయి. ఇష్టమున్నవాళ్లు తర్వాత, ఇంటికెళ్లి ఆలోచించుకుని, ఇంట్లో మాట్లాడుకుని వస్తారు. రాకపోయినా ఫరవాలేదు. వద్దనుకోవడం కూడా తెలిసి చేసిన నిర్ణయమే కదా.

పరిశోధనకి డబ్బు సంగతీ దాచకండి. 2025లో అమెరికా ప్రభుత్వం టీకా పరిశోధనకిస్తున్న నిధుల్లో కోతలు పెట్టింది. ఇందాక చెప్పిన యాంటీబాడీల దారిలో పనిచేస్తున్న రెండు పెద్ద బృందాలకు ఇక కొనసాగించబోమని చెప్పేసింది. ఇన్నాళ్లూ ఈ పరిశోధనకి ఎక్కువ డబ్బు అక్కడి నుంచే వచ్చింది. మిగతా దేశాలు ఎంత పెట్టాలి, మన ప్రభుత్వాలు ఎంత పెడుతున్నాయి అని అడిగేది ఎవరు? అడగాలంటే ముందు ఇలాంటి పని ఒకటి జరుగుతోందని తెలియాలిగా.

చివరిగా, ప్రశ్నల సమయం. అందరూ నోరు విప్పి అడగలేరు, ఈ విషయం అలాంటిది. సభ మొదట్లోనే చిన్న చీటీలు, పెన్సిళ్లు పంచండి. అడగడానికేమీ లేనివాళ్లు కూడా ఏదో ఒక గీత గీసి మడిచి డబ్బాలో వేయాలని చెప్పండి. అప్పుడు ఎవరు రాశారో, ఎవరు రాయలేదో పక్కవాళ్లకి తెలియదు. చీటీలన్నీ చదవండి, మొరటుగా రాసినవి కూడా. జవాబు తెలియకపోతే కనుక్కుని చెబుతామని ఒక తేదీ చెప్పండి. ఆ తేదీకి వెళ్లండి.

మీకూ లోపలికి వచ్చేటప్పుడు చీటీలిచ్చారు. రాయనివాళ్లు ఇప్పుడు రాసేయండి. ఆ డబ్బా ఇలా ఇస్తారా అమ్మా?